కోడిపొయ్యి మీది వేడి: జర్మనీలో ఇంటిని దేనితో వెచ్చబెట్టుకోవాలి?

పాత ఇళ్ల వంటగదిలో కట్టెల పొయ్యిని ఆనుకుని కోడిపొయ్యి ఉండేది. పెద్ద పొయ్యిలో మండే మంట సెగ చిన్న కంత గుండా దానిలోకి పాకేది. పెద్ద పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే కోడిపొయ్యి మీద పప్పో, పాలో, స్నానానికి నీళ్లో కాగేవి. దానికంటూ ఒక్క పుల్ల కూడా ఎక్కువ పెట్టేవారు కాదు. జర్మనీలో ఇల్లు వెతుక్కునే మన వాళ్లు అద్దె ప్రకటనలో 'ఫెర్న్‌వేర్మె' అన్న మాట చూసి ఇదేమిటని అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఇదే: అది ఊరంతటికీ కలిపి పెట్టిన కోడిపొయ్యి. విద్యుత్ కేంద్రంలో కరెంటు తీయగా మిగిలిన వేడిని నీళ్లకు ఎక్కించి, ఆ నీళ్లను భూమిలో పాతిన గొట్టాల్లో వీధి వీధికీ పంపుతారు. డిస్ట్రిక్ట్ హీటింగ్ అనేది దీన్నే.

కోడిపొయ్యి వాడిన ఇల్లాళ్లకు మరో రెండు సంగతులు కూడా తెలుసు. కంత మరీ పెద్దదైతే సెగంతా అటు పోయి పెద్ద పొయ్యి మీద అన్నం ఉడకదు. ఇక రెండోది, చెంబుడు నీళ్లు కాచుకోవడానికని ఎవరూ పెద్ద పొయ్యి వెలిగించరు. ఫెర్న్‌వేర్మె మంచిదా కాదా అన్న వాదనలో సగం ఈ రెండు ముక్కల్లోనే తేలిపోతుంది.

మా బాబాయి కొడుకు, మరదలు మాన్‌హైమ్‌లో రెండు ఫ్లాట్లు చూసి, ఏది తీసుకోవాలో తేల్చుకోలేక ఫోను చేశారు. అద్దె, వైశాల్యం దాదాపు ఒకటే. ఒకదానికి గ్యాస్ బాయిలర్, మరొకదానికి ఫెర్న్‌వేర్మె. "అన్నయ్యా, ఇది ఎలాగూ పారబోసే వేడి కాబట్టి కాలుష్యం సున్నా అని ఏజెంటు చెప్పాడు, నిజమేనా?" అని మావాడి ప్రశ్న. "సున్నా అని ఎవరైనా అంటే వెంటనే కాగితం, పెన్ను తీయండి" అన్నాను. ఆ సాయంత్రం కాగితం మీద వేసిన లెక్కలను కాస్త విడమరిచి ఇక్కడ రాస్తున్నాను. అద్దెకుండేవారికీ, సొంతిల్లు కొనుక్కునేవారికీ పనికొస్తాయి.

"ఎలాగూ పోయే వేడి" ఎంతవరకు నిజం?

బొగ్గు విద్యుత్ కేంద్రంలో 100 పాళ్ల ఇంధన శక్తి మండిస్తే కరెంటుగా మారేది సుమారు 40 పాళ్లు. మిగిలినదంతా పొగగొట్టం గుండానో, వాడిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా మార్చే కండెన్సరును చల్లబరిచే నీళ్లతోనో బయటికి పోతుంది. ఇబ్రహీంపట్నంలో, రామగుండంలో కూలింగ్ టవర్ల నుంచి మబ్బులా లేచే ఆవిరి ఆ వేడిదే. దాన్ని చూస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది, ఇంత వేడి గాలిపాలు అవుతోందే అని.

కానీ ఆ కండెన్సరు నీళ్లను ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటాయి, అంతే. 30, 40 డిగ్రీలు. పాత యూరోపియన్ నగరాల గొట్టాలకు చలికాలంలో 80 నుంచి 120 డిగ్రీల నీళ్లు కావాలి. గోరువెచ్చని నీళ్లతో ఆ పని జరగదు. అందుకని టర్బైనులో ఆవిరి పని పూర్తి చేయకముందే, ఇంకా సత్తువ ఉండగానే, మధ్యలో కొంత బయటికి తీస్తారు. మన చక్కెర కర్మాగారాలు చేసేదీ ఇదే. చెరకు పిప్పి మండించి ఆవిరి పుట్టించి, దానితో టర్బైను తిప్పి, ఇంకా వేడిగా ఉన్న ఆవిరితో రసం కాస్తాయి. అలా తీసిన ఆవిరి టర్బైనులోనే ఉంటే ఇంకొంచెం కరెంటు ఇచ్చేది. అంటే ఇంటికొచ్చే వేడికి వెల ఉంది, ఆ వెల కట్టేది కరెంటు రూపంలో. కంత పెద్దదైతే అన్నం ఉడకదన్నది ఇందుకే.

లెక్క సులువుగా ఉండే అంకెలు తీసుకుందాం. ఒక బొగ్గు కేంద్రం 100 యూనిట్ల బొగ్గుతో ఉత్త కరెంటే తీస్తే 40 యూనిట్లు. వేడి కూడా తీస్తే 30 యూనిట్ల కరెంటు, 55 యూనిట్ల వేడి. 10 యూనిట్ల కరెంటు వదులుకుని 55 యూనిట్ల వేడి పొందామన్నమాట, ఒకటికి అయిదున్నర. దారిలో గొట్టాల్లో 15 శాతం పోయినా ఒకటికి నాలుగున్నర పైనే ఇంటికి చేరుతుంది. పెరట్లో పెట్టుకుని బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే హీట్ పంపు ఏడాది సగటున ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. కాబట్టి విద్యుత్ కేంద్రం ఎలాగూ నడుస్తూ ఉంటే, దాని నుంచి తీసిన వేడి మంచి హీట్ పంపు కన్నా మెరుగు. ఈ మాట చెబితే హీట్ పంపు అభిమానులు ముఖం చిట్లిస్తారు. లెక్క మాత్రం అదే.

ఆ వాక్యంలో బరువంతా "ఎలాగూ నడుస్తూ ఉంటే" మీదే ఉంది.

పెద్ద పొయ్యి ఎవరి కోసం వెలిగింది?

ఒక యూనిట్ విలువైన బొగ్గు మండితే సుమారు 340 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సహజ వాయువైతే 200 గ్రాములు. మన ఊహా కేంద్రంలో 100 యూనిట్ల బొగ్గుకు 34 కిలోలు. ఇందులో వేడి వాటా ఎంత, కరెంటు వాటా ఎంత? పుట్టింది ఒకే పొగ, పంచుకోవలసినవాళ్లు ఇద్దరు. ఉమ్మడి ఆస్తి పంపకాల్లో ఎన్ని తగవులుంటాయో ఇందులోనూ అన్ని ఉన్నాయి.

శక్తి పాళ్ల ప్రకారం సమానంగా పంచితే యూనిట్ వేడికి 400 గ్రాములు వస్తుంది. డెన్మార్కులో ఒక పద్ధతి ఉంది, వేడి 125 శాతం సామర్థ్యంతో తయారైనట్టు భావించి ఇంధనం లెక్కగడతారు. అలా చూస్తే 272. వేడి తీయడం వల్ల కోల్పోయిన 10 యూనిట్ల కరెంటును మళ్లీ అలాంటి బొగ్గు కేంద్రంలోనే పుట్టించాలనుకుంటే 155. అదే లోటును జర్మనీ గ్రిడ్ సగటు కరెంటుతో పూడిస్తే, అంటే యూనిట్‌కు సుమారు 360 గ్రాముల లెక్కన, 65కు దిగుతుంది. ఒకే పొగగొట్టం, ఒకే బొగ్గు, ఒకే రోజు. నాలుగు అంకెలు.

ఇప్పుడు అయిదోది. బయట గాలి బాగా వీస్తోంది, గాలిమరలు తిరుగుతున్నాయి, కరెంటుకు కొరత లేదు. అయినా ఊరికి వేడి కావాలి కాబట్టి బొగ్గు కేంద్రాన్ని ఆపలేదనుకోండి. అప్పుడు ఆ 34 కిలోల పొగా వేడి కోసమే పుట్టింది. పక్కన వచ్చిన 30 యూనిట్ల కరెంటుకు గ్రిడ్ సగటు చొప్పున తగ్గింపు ఇచ్చినా యూనిట్ వేడికి 420 గ్రాములు దాటుతుంది. గొట్టాల నష్టం కలిపితే 500 దగ్గర. ఇంట్లోని మామూలు గ్యాస్ బాయిలర్ యూనిట్ వేడికి ఇచ్చేది సుమారు 220 గ్రాములు. చెంబుడు నీళ్ల కోసం పెద్ద పొయ్యి వెలిగించడమంటే ఇదే.

అందుకే ఏజెంటు చెప్పిన సున్నాకు అర్థం లేదు. జర్మనీలో ఇల్లు అమ్మేటప్పుడు, అద్దెకిచ్చేటప్పుడు చూపే ఎనర్జీ సర్టిఫికెట్‌లో ఫెర్న్‌వేర్మెకు ప్రాథమిక శక్తి గుణకం అని ఒక అంకె ఉంటుంది, యూనిట్ వేడి వెనక ఎంత మూల ఇంధనం ఖర్చయిందో చెప్పేది. కరెంటు తీసినందుకు ఉదారంగా తగ్గింపులు ఇచ్చే పద్ధతి వల్ల బొగ్గు కేంద్రాల వేడికి కూడా ఒకప్పుడు ఇది సున్నా దాకా వచ్చేది. 2020లో వచ్చిన భవనాల శక్తి చట్టం దానికి 0.3 కనీస హద్దు పెట్టింది. పునరుత్పాదక శక్తి, వృథా వేడి వాటా బాగా ఉంటే 0.2 వరకు పోవచ్చు. కాబట్టి సర్టిఫికెట్‌లో 0.3 కనబడగానే మురిసిపోవద్దు. అది చట్టం గీసిన గీత, పొగగొట్టం మీద కొలిచిన కొలత కాదు. మీకు కావలసిన అంకె యూనిట్ వేడికి ఎన్ని గ్రాములన్నది. ఇంధనాల వాటాలు, ఉద్గారాల వివరాలు సరఫరా సంస్థలు చెప్పి తీరాలని 2021 నుంచి నిబంధన ఉంది, బిల్లులోనో వెబ్‌సైటులోనో దొరుకుతాయి. అక్కడ ఏ పద్ధతిలో పంచారో కూడా చూడండి.

పొయ్యిలో ఏముంది?

బొగ్గు గురించి చెప్పాను. సహజ వాయువుతో నడిచే కొత్త తరహా కేంద్రమైతే సంగతి చాలా నయం. ఉత్త కరెంటుకు 55 శాతం సామర్థ్యం ఉన్నది, 47 కరెంటు, 38 వేడి ఇస్తోందనుకుంటే, పైన చెప్పిన 155 లెక్క పద్ధతిలోనే గొట్టాల నష్టంతో సహా యూనిట్ వేడికి సుమారు 90 గ్రాములు. ఇంట్లో గ్యాస్ బాయిలర్ పెట్టుకుని అదే గ్యాసును నేరుగా మండించడం కన్నా సగం కూడా కాదు. గ్యాసు మండించక తప్పనప్పుడు కరెంటు తీయకుండా మండించడం దుబారా.

చెత్త మండించే కేంద్రాల దగ్గర మాత్రం కాస్త నిలబడాలి, ఎందుకంటే మన వాళ్లలో చాలామందికి ఇది అన్నిటికన్నా పవిత్రమైనదన్న నమ్మకం. కోపెన్‌హాగెన్‌లోని అమాగర్ బక్కె కేంద్రాన్ని పర్యాటకులు చూసి వస్తుంటారు, కప్పు మీద స్కీయింగ్ చేసే వాలు ఉంది కదా. 2017లో మొదలైన ఈ కేంద్రం కరెంటూ ఇస్తుంది, నగరానికి వేడీ ఇస్తుంది. డెన్మార్కులో చెత్త మండించి వేడి తీయడం 1903లోనే ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఆసుపత్రి కోసం మొదలైంది. చెత్తను గుట్టలు పోసి కుళ్లబెడితే మీథేన్ వస్తుంది, దానితో పోలిస్తే మండించడం మేలు. కానీ చెత్తలో దాదాపు సగం కార్బన్ ప్లాస్టిక్ నుంచి వచ్చేది, అంటే ముడిచమురే. అది మండితే అది శిలాజ ఇంధనమే. పైగా పెద్ద కొలిమి కట్టాక దాని నోరు ఎప్పుడూ నిండుగా ఉండాలి. స్థానికులు చెత్త తగ్గించుకుంటే బయటి దేశాల నుంచి చెత్త తెప్పించుకునే పరిస్థితి డెన్మార్కుకు వచ్చింది. 2020లో అక్కడి ప్రభుత్వం మండించే సామర్థ్యాన్ని 30 శాతం తగ్గించాలని నిర్ణయించుకోవడానికి ఇదీ ఒక కారణం. జర్మనీలో 2024 నుంచి చెత్త దహనానికి కూడా కార్బన్ ధర, అంటే పొగలోని కార్బన్‌కు కట్టే రుసుము, పడుతోంది. కోడిపొయ్యి ఆరిపోకూడదని చెత్త పోగుచేసే స్థితికి ఏ ఊరూ రాకూడదు.

కట్టె ముక్కలు, చెక్క గుళికలతో నడిచే కేంద్రాలకు పుస్తకాల్లో సున్నా వేస్తారు. కర్ర మండినప్పుడు వచ్చే కార్బన్‌ను అడవుల పద్దులో రాస్తారు కాబట్టి పొగగొట్టం దగ్గర మళ్లీ రాయరు. నిజానికి యూనిట్ వేడికి కర్ర పొగలో వచ్చే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు కన్నా ఎక్కువే. రంపపు పొట్టు, కొమ్మా రెమ్మా అయితే నాకు అభ్యంతరం లేదు. దుంగలు ఓడల్లో దిగుమతి అవుతుంటే అభ్యంతరమే.

అణు కేంద్రాల వేడి కూడా ఊళ్లకు వెళ్లిన చోట్లున్నాయి. స్విట్జర్లాండ్‌లోని బెజ్నావ్ కేంద్రం 1980ల నుంచి చుట్టుపక్కల ఊళ్లకు వేడి ఇస్తోంది, చైనాలోని హైయాంగ్ 2019లో మొదలుపెట్టింది. స్టాక్‌హోమ్ దగ్గర ఓగెస్టా 1964 నుంచి 1974 వరకు ఫార్స్టా శివారును వెచ్చబెట్టింది. జర్మనీలో 2023 ఏప్రిల్‌లో చివరి అణు కేంద్రాలు మూతపడ్డాయి కాబట్టి మనకు ఈ ఎంపికే లేదు.

నిజంగా వృథా అనదగ్గ వేడి మరో చోట ఉంది. హాంబర్గ్‌లో ఆవురుబిస్ రాగి కర్మాగారం నుంచి వచ్చే వేడి 2018 నుంచి పక్కనున్న హాఫెన్‌సిటీ ప్రాంతానికి వెళుతోంది. రాగి తయారీ ఊరి చలి కోసం జరగదు, వేడి ఎలాగూ వస్తుంది. డేటా సెంటర్లూ అంతే. జర్మనీలో 2026 జులై నుంచి మొదలయ్యే కొత్త డేటా సెంటర్లు తమ శక్తిలో కొంత భాగాన్ని తిరిగి వాడకానికి ఇవ్వాలన్న చట్టం ఉంది, 10 శాతంతో మొదలై 2028 నాటికి కొత్తగా వచ్చేవాటికి 20 శాతం అవుతుంది. సర్వర్ల వేడి 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి దాన్ని పెద్ద హీట్ పంపుతో పైకెత్తాలి. అయినా గడ్డకట్టిన గాలి నుంచి వేడి లాగడం కన్నా ఆ 30 డిగ్రీల దగ్గర మొదలుపెట్టడం ఎంతో సుఖం.

గొట్టంలో పోయేది

డెన్మార్కు మొత్తం మీద సగటున అయిదో వంతు వేడి దారిలో పోతుంది. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న పెద్ద నగరాల్లో 10 శాతం దరిదాపుల్లో ఉంటుంది, ఇంటికీ ఇంటికీ మధ్య తోటలున్న శివార్లలో 30 దాటడమూ ఉంది. అంతస్తుల మీద అంతస్తులున్న పాత నగర వీధికి డిస్ట్రిక్ట్ హీటింగ్ అచ్చొచ్చినట్టు విడివిడి ఇళ్ల కాలనీకి అచ్చిరాదు.

వేసవిలో ఈ నష్టం మరీ విచిత్రంగా ఉంటుంది. ఇళ్లకు వేడి అక్కర్లేదు, స్నానానికి నీళ్లు చాలు. అయినా ఊరంతటి గొట్టాలూ వేడిగానే ఉండాలి. వాడకం చారెడు, నష్టం మాత్రం ఎప్పటంతే. ఇంకో వైపు చెత్త కొలిమి వేసవిలోనూ మండుతూనే ఉంటుంది, అప్పుడు వచ్చే వేడి అచ్చమైన వృథా. అక్కర్లేని రోజు కావలసినంత, గడ్డకట్టే రోజు చాలనంత. ఆ గడ్డకట్టే రోజున లోటు పూడ్చేది గ్యాసుతోనో చమురుతోనో నడిచే పెద్ద బాయిలర్లు. "మా ఊరి వేడి వృథా వేడి" అని గొప్పగా చెప్పుకునే సంస్థను, జనవరిలో చలి ముదిరిన వారం ఏది మండిస్తారో అడిగి చూడండి. కొన్నిచోట్ల భారీ నీళ్ల ట్యాంకులు కట్టి కొంత సర్దుతున్నారు. బెర్లిన్‌లో రాయటర్ వెస్ట్ దగ్గర 2023లో వచ్చిన ట్యాంకు 45 మీటర్ల ఎత్తు, 5.6 కోట్ల లీటర్లు పడుతుంది. గాలి బాగా వీచే రోజు కరెంటుతో కాచి నింపుకుని, వీయని రోజు వాడుకోవచ్చు.

గాలి, నది

కార్బన్ ఒక్కటే పర్యావరణం కాదు. పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఇంటింటా బొగ్గు పొయ్యిలుండేవి. చలికాలపు పొగమంచులో ఊపిరాడేది కాదు. 2019 సెప్టెంబరు నుంచి ఆ నగరం ఇళ్లలో బొగ్గు, కర్ర మండించడాన్ని నిషేధించింది. ఇళ్లను డిస్ట్రిక్ట్ హీటింగ్‌కు కలపడం ఆ మార్పులో పెద్ద భాగం. ఆ వేడిలో చాలా భాగం బొగ్గు కేంద్రానిదే కదా అని ఎత్తిపొడిచేవారుంటారు. నిజమే. కానీ వేల పొట్టి పొగగొట్టాలకు ఫిల్టర్లు పెట్టలేం. ఒక్క ఎత్తయిన పొగగొట్టానికి ధూళి పట్టే యంత్రం, గంధకం కడిగే యంత్రం పెట్టి, రోజూ కొలవగలం. పిల్లల ఊపిరితిత్తుల వరకే చూస్తే నేను నిస్సందేహంగా ఊరుమ్మడి పొగగొట్టం వైపే. ఇల్లు చూడముచ్చటగా ఉంటుందని కర్ర పొయ్యి పెట్టుకోవాలనుకునే మిత్రులు దీన్ని ఇంకోసారి చదువుకోవాలి.

నది విషయంలో నేను అంత సుముఖంగా లేను. విద్యుత్ కేంద్రం వేడిని ఇళ్లకు పంపితే నదిలోకి పోయే వేడి తగ్గి చేపలకు మేలు అని ప్రచార పత్రాల్లో రాస్తారు. చేపలకు కష్టం ఎప్పుడు? జులైలో, ఆగస్టులో. రైన్ నదికి సాధారణంగా 28 డిగ్రీలను హద్దుగా చూస్తారు, ఎండలు ముదిరిన ఏళ్లలో దాన్ని దాటకుండా కేంద్రాలు ఉత్పత్తి తగ్గించుకోవలసి వచ్చేది. ఆ నెలల్లో ఇళ్లకు వేడి అక్కర్లేదు, కేంద్రం వేడంతా మళ్లీ నదికే. మేలు జరిగేది జనవరిలో, అప్పుడు నదికి ఆ మేలుతో పెద్దగా పని లేదు.

మాన్‌హైమ్‌లో ఇప్పుడు వ్యవహారం తిరగబడింది. అక్కడి పెద్ద బొగ్గు కేంద్రం చాలా ఏళ్లుగా రైన్ నీళ్లతో చల్లబడుతూ, ఆ ఊరితో పాటు హైడెల్‌బర్గ్‌కు కూడా వేడి పంపుతూ వచ్చింది. 2023లో ఆ ఆవరణలోనే రైన్ నీళ్ల నుంచి వేడి లాగే 20 మెగావాట్ల హీట్ పంపు మొదలైంది. సుమారు 3,500 ఇళ్లకు సరిపడా వేడి ఇస్తుంది. వేడిని నదిలో పారబోసిన చోటే ఇప్పుడు నది నుంచి తోడుకుంటున్నారు. చెత్త దహన కేంద్రాన్ని కూడా 2020లో ఈ గొట్టాల వలకు కలిపారు. హెల్సింకీ ఇంకా ముందుంది. 2023లో హనసారి, 2025 వసంతంలో సల్మిసారి బొగ్గు కేంద్రాలను మూసేసింది. శుద్ధి చేసిన మురుగునీటి నుంచి వేడి తీసే పంపులు అక్కడ 2006 నుంచే ఉన్నాయి.

గొట్టాల వల వేయడం కష్టం, ఖర్చు. పొయ్యి మార్చడం దానికన్నా తేలిక. రేపు బొగ్గు పోయి నది వచ్చినా ఇంట్లో మీరు ఒక్క మర కూడా తిప్పనక్కర్లేదు. ఫెర్న్‌వేర్మె వైపు నన్ను మొగ్గేలా చేసేది ఈ గుణమే. ఇంట్లో గ్యాస్ బాయిలర్ మాత్రం పెట్టినన్నాళ్లూ గ్యాసే తాగుతుంది.

మరి ఏది తీసుకోవాలి?

నగరం నడిమధ్య పాత అపార్టుమెంటులో అద్దెకుంటూ, గ్యాస్ బాయిలర్ ఫ్లాటుకూ ఫెర్న్‌వేర్మె ఫ్లాటుకూ మధ్య ఎంచుకోవలసి వస్తే ఫెర్న్‌వేర్మె తీసుకోండి. ఆ ఊరి వేడి ఇంకా బొగ్గు మీదే ఆధారపడి, ఎప్పుడు మానేస్తారో తేదీ చెప్పకపోతే మాత్రం గ్యాసు ఫ్లాటుకు పెద్దగా నష్టం లేదు, మీకు నచ్చిన బాల్కనీ చూసుకోండి. లక్ష జనాభా దాటిన నగరాలు 2026 జూన్ చివరికి, చిన్నవి 2028 జూన్ చివరికి తమ వేడి ప్రణాళికలు సిద్ధం చేయాలని 2024లో అమల్లోకి వచ్చిన చట్టం చెబుతోంది. మీ వీధికి ఏం రాసి పెట్టారో అందులో చూడవచ్చు. మాన్‌హైమ్ సంస్థ అయితే 2035 నాటికి గ్యాసు గొట్టాలే మూసే ఆలోచనలో ఉన్నట్టు ప్రకటించింది. అలాంటి ఊళ్లో కొత్త గ్యాస్ బాయిలర్ కొనడం పాత టికెట్టుతో కొత్త రైలెక్కడమే.

కార్బన్ ధరను 2023 నుంచి ఇంటి యజమాని, అద్దెదారు పంచుకోవాలి. ఇల్లు ఎంత ఎక్కువ పొగ పెడితే యజమాని వాటా అంత ఎక్కువ. అద్దెకున్నవాళ్లు వార్షిక లెక్కలో ఆ వాటా తీసేశారో లేదో చూసుకోండి. మరిచిపోయే యజమానులు ఉంటారు, పాపం.

శివారులో విడి ఇల్లు కొనేవారికి నా మొదటి మాట హీట్ పంపు. నేల కింద గొట్టాలుండి 35 డిగ్రీల నీళ్లతో ఇల్లు వెచ్చబడితే ఒకటికి నాలుగు వస్తుంది, గ్రిడ్ సగటు కరెంటుతో యూనిట్ వేడికి 90 గ్రాములు. పాత రేడియేటర్లకు 60 డిగ్రీలు కావాలంటే ఒకటికి రెండున్నరే, 145 దాకా పోతుంది. అప్పుడైనా గ్యాస్ బాయిలర్ కన్నా మెరుగే. గ్రిడ్‌లో గాలి, ఎండ వాటా పెరిగే కొద్దీ ఈ అంకె ఏటా దానంతటదే దిగుతుంది. లోపల వాడే వాయువు ఏమిటో అడగండి. ఆర్-410ఎ కారితే ఒక్క కిలో 2,000 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం; ప్రొపేన్‌తో నడిచేవాటికి ఆ బెడద లేదు. పక్కింటి పడకగది కిటికీ ఎదురుగా మాత్రం పెట్టకండి. గోడకు బిగించే ఉత్త కరెంటు హీటర్లు 360 గ్రాములు, వాటి గురించి ఇంతకన్నా రాయను.

సొంతిల్లున్న వీధికి ఫెర్న్‌వేర్మె వస్తోందని కరపత్రం వస్తే తొందరపడి సంతకం పెట్టవద్దు. మొదటి ఒప్పందం పదేళ్ల వరకు ఉండవచ్చు, కొన్ని మున్సిపాలిటీల్లో కలవడం తప్పనిసరి కూడా. సరఫరాదారు ఒక్కడే, నచ్చకపోతే మారడానికి రెండోవాడు లేడు. ధరల సూత్రం చాలాచోట్ల గ్యాసు ధరల సూచీకి ముడిపడి ఉంటుంది, వేడి చెత్త నుంచి వచ్చినా సరే. 2023లో జర్మనీ పోటీ పర్యవేక్షణ సంస్థ ఈ సూత్రాల మీదే కొన్ని కంపెనీలపై విచారణ మొదలుపెట్టింది. డెన్మార్కులో వేడి సరఫరా లాభం లేకుండా ఖర్చుకే జరగాలన్న నియమం ఉంది, 1979లో వేడి సరఫరా చట్టం తెచ్చి దాదాపు మూడింట రెండు వంతుల ఇళ్లకు దీన్ని చేర్చగలిగారంటే ఆ నమ్మకం కూడా కారణమని నా అభిప్రాయం. బిల్లులో స్థిర చార్జీ ఎక్కువగా, వాడకం చార్జీ తక్కువగా ఉంటే మరో చిక్కుంది: కిటికీలు మార్చినా, గోడలకు దుప్పటి కప్పినా బిల్లు పెద్దగా తగ్గదు. ఆదా చేసినవాడికి ఆదా కనిపించకపోతే ఇల్లు ఎప్పటికీ చలి ఇల్లుగానే ఉండిపోతుంది.

మావాడు, మరదలు చివరికి ఫెర్న్‌వేర్మె ఫ్లాటే తీసుకున్నారు. గృహప్రవేశానికి వెళ్లినప్పుడు భవనం చూసే మనిషిని బతిమాలి సెల్లారులోకి దిగాను. సూట్‌కేసంత ఉక్కు పెట్టె, పక్కపక్కన పేర్చిన రేకుల మధ్య ఊరి నీళ్లు ఒకవైపు, ఇంటి నీళ్లు ఇంకోవైపు, ఒకదానికొకటి తగలకుండా. పైన చిన్న మీటరు. మీట నొక్కితే వెళ్లే నీళ్లు 84 డిగ్రీలు, తిరిగొచ్చే నీళ్లు 61. అంటే ఇల్లు ఆ నీళ్ల నుంచి తీసుకోగలిగిన వేడి తీసుకోకుండానే వెనక్కి పంపుతోంది. తిరిగొచ్చే నీళ్లు ఎంత చల్లబడితే అవతల టర్బైనులో అంత కరెంటు మిగులుతుంది, నది పంపు అంత తేలిగ్గా నడుస్తుంది. పై అంతస్తు రేడియేటర్లు సలసల కాగుతుంటే కింది అంతస్తువాళ్లు స్వెట్టర్లు వేసుకుంటున్నారని మరదలు చెప్పింది. ప్రతి రేడియేటరుకూ నీళ్ల పాలు సరిచేయించమని భవన నిర్వాహకులకు ఉత్తరం రాయించాను. మూడు ఉత్తరాలు పట్టాయి. ఫిబ్రవరిలో మావాడు ఫొటో పంపాడు: తిరిగొచ్చే నీళ్లు 46.